కింది బెడ్డులో రికార్డింగు

సోనాపూర్‌లో మా రూములో ఆరుగురం ఉంటాం. ముగ్గురిది జగిత్యాల వైపు, ఇద్దరిది సిరిసిల్ల, ఒక తమ్ముడిది కోనసీమ. ఇద్దరికి నైట్ డ్యూటీ, నలుగురికి పగటి డ్యూటీ. కాబట్టి ఇరవై నాలుగు గంటల్లో ఏ టైములో చూసినా రూములో ఎవరో ఒకరు నిద్రలోనే ఉంటారు. ఇలాంటి చోట పాట పాడుకోవాలన్నా, దప్పు మీద నాలుగు దెబ్బలు వేయాలన్నా ఎట్లా కుదురుతుంది? సెలవు రోజున క్యాంపు వెనక ఇసుకలోకి పోయి పాడుకునేవాళ్లం. జూన్ వచ్చిందంటే అదీ బందే.

అందుకే ట్యాబ్ కొన్నాం. సినిమాలు చూడ్డానికే కొన్నామని పక్క రూము వాళ్లు ఇప్పటికీ నమ్ముతారు. మొదట్లో అదీ నిజమే అనుకోండి. దేరాలో నైఫ్ దగ్గర పాత ఫోన్ల షాపులో 380 దిర్హమ్‌లకు బేరం ఆడితే 2018 మోడల్ ఐప్యాడ్ వచ్చింది. అద్దం మీద మూలకు చిన్న పగులు. దాన్నే ఎంచుకోవడానికి కారణం, దానికి హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉండటం. 2022లో వచ్చిన పదో తరం ఐప్యాడ్‌కు ఆ రంధ్రం తీసేశారు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఉంది కదా అంటారు. సినిమాకు సరే, వాయించడానికి పనికిరాదు. తెర మీద కీ నొక్కిన తర్వాత చెవిలోకి శబ్దం వచ్చేసరికి సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యం అవుతుంది. దరువు వేసేవాడికి అంత ఆలస్యమంటే ఎదుటి బిల్డింగు మీద నుంచి ఎవరో వాయిస్తున్నట్టే. వైరు ఉన్న పది దిర్హమ్‌ల ఇయర్‌ఫోన్ దానికంటే వెయ్యి రెట్లు నయం.

ట్యాబ్‌లో గ్యారేజ్‌బ్యాండ్ అని ఒక యాప్ ఉంది. 2011లో ఐప్యాడ్‌కు వచ్చినప్పుడు దానికి ఐదు డాలర్ల దాకా పెట్టాల్సి వచ్చేది, 2017 నుంచి ఉచితం. కీబోర్డు, గిటారు, డ్రమ్సు అన్నీ తెర మీదే వాయించుకోవచ్చు. మన దప్పు మాత్రం అందులో మాకు దొరకలేదు. అయితే అందులోనే శాంప్లర్ అని ఒకటి ఉంది. ఏ శబ్దాన్నయినా మైకులో పట్టి ఇస్తే దాన్ని కీల మీద పరుస్తుంది. సిరిసిల్ల తమ్ముడి దగ్గర ఊరి నుంచి తెచ్చుకున్న దప్పు ఉంది. గల్ఫ్ ఉక్కపోతకు తోలు తడిసి మెత్తబడి, కొడితే అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంది. ఊళ్లో అయితే గడ్డి మంట వేసి కాక చూపిస్తారు. క్యాంపులో మంట వేస్తే క్యాంప్ బాస్ మమ్మల్నే కాలుస్తాడు. చివరికి మెస్ వంటాయన్ను బతిమాలి, ఖుబ్బూస్‌లు వేడి చేసుకునే పొయ్యి మీద దప్పు కాచాం. తోలు బిగిసింది. వెంటనే బయట గోడ పక్కన నిలబడి సిర్ర దెబ్బ వేరుగా, సిటికెన పుల్ల దెబ్బ వేరుగా, రెండూ కలిపి వేరుగా రికార్డు చేశాం. గాలి మైకులో బుస్సుమనకుండా ట్యాబ్ అంచుకు ఒక సాక్సు తొడిగాం. ఉతికిన సాక్సే.

ఆ రోజు నుంచి రాత్రి పది దాటాక కూడా మా రూములో దప్పు మోగుతుంది. వినేది మాత్రం ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాడే. పై బెడ్డులో నైట్ డ్యూటీ అన్న గురక పెడుతుంటే, కింది బెడ్డులో తమ్ముడు వేళ్లతో అద్దం మీద దరువు వేస్తుంటాడు.

ఇంతవరకు ఇది మాకు కాలక్షేపం. అసలు పని కాకా వల్ల పడింది.

కాకా అంటే మా రూములో పెద్దాయన. గల్ఫ్‌కు వచ్చిన కొత్తలో టూ ఇన్ వన్ టేప్ రికార్డరులో మాట్లాడి, పాడి, ఆ క్యాసెట్టును ఊరికి పోయేవాళ్ల చేతికి ఇచ్చి పంపిన తరం ఆయనది. చిన్న కూతురికి శ్రావణంలో పెళ్లి కుదిరింది. కిందటేడు తల్లి చనిపోతే ఎమర్జెన్సీ లీవు వాడుకున్నాడు కాబట్టి ఈ ఏడు పోవడానికి లేదు. పెద్ద బిడ్డ పెళ్లిలో అప్పగింతలప్పుడు కాకా సొంతంగా కట్టిన పాట పాడాడట. చిన్న బిడ్డ ఫోను చేసి, "నా పెండ్లికి గూడ పాట కావాలె నాయినా, నువ్వు రాకున్నా నీ పాట రావాలె" అంది. స్పీకరులో ఉన్న ఫోను కాబట్టి మేమందరం విన్నాం. ఆ తర్వాత ఎవరూ ఏమీ మాట్లాడలేదు. కోనసీమ తమ్ముడే, "బాబాయ్ గారూ, మనం చేసేద్దామండి" అన్నాడు.

ఫోనులో పాడి పంపితే అయిపోదా అని మీరు అనొచ్చు. మేమూ అదే అనుకుని చేసి చూశాం. ఏసీ రొద, కారిడార్‌లో చెప్పుల చప్పుడు, వాటి కింద ఎక్కడో కాకా గొంతు. పెళ్లి పందిట్లో డీజే స్పీకర్లలో అది పెడితే ఏసీనే పాడినట్టు ఉంటుంది.

మంచి మైకు, దాన్ని కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న డబ్బా కోనసీమ తమ్ముడు పాతవి సంపాదించాడు. పక్క రూము టైంకీపర్ అన్న పాత ల్యాప్‌టాప్ ఇచ్చాడు. అందులో రీపర్ అనే సాఫ్ట్‌వేర్ వేశాం. చిన్న సాఫ్ట్‌వేర్, ముసలి కంప్యూటరులోనూ నడుస్తుంది, అరవై రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడొచ్చు. స్టూడియో ఎక్కడంటే కాకా పడుకునే కింది బెడ్డే. చుట్టూ పరదా ఎటూ ఉంది, దాని మీద ఆరుగురి దుప్పట్లు కప్పాం. దుప్పట్లు శబ్దాన్ని మింగేస్తాయి, గోడలకు తగిలి తిరిగి రానియ్యవు.

ఇక్కడే ట్యాబ్ రెండో పనికి వచ్చింది. ల్యాప్‌టాప్ ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, అది మైకు దగ్గర ఉంటే లాభం లేదు. పొడుగు వైరు వేసి ల్యాప్‌టాప్‌ను తలుపు బయట పెట్టాం. మరి రికార్డు బటన్ ఎవరు నొక్కాలి? రీపర్ సెట్టింగుల్లో వెబ్ కంట్రోల్ ఆన్ చేస్తే ఒక అడ్రసు ఇస్తుంది. దాన్ని ట్యాబ్ బ్రౌజరులో కొడితే ప్లే, స్టాప్, రికార్డు బటన్లు, ఒక్కో ట్రాకు వాల్యూం అన్నీ ట్యాబ్ మీదికి వచ్చేస్తాయి. దుప్పట్ల లోపల కాకా పక్కన కూర్చున్న తమ్ముడు ట్యాబ్ తాకితే బయట కంప్యూటరు కదులుతుంది.

చెప్పడానికి సులువుగా ఉంది కానీ మొదటి రెండు రోజులు కదలనే లేదు. తప్పు మాదో కంప్యూటరుదో తెలియక తలలు పట్టుకున్నాం. తర్వాత తెలిసింది, మా క్యాంపు వైఫైలో ఒకరి పరికరం ఇంకొకరి పరికరానికి కనబడకుండా కట్టేసి ఉంది. వందల మంది వాడే వైఫై కాబట్టి అది మంచిదే. ఒక ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, ట్యాబ్‌నూ ల్యాప్‌టాప్‌నూ దానికే కలిపితే వెంటనే పనిచేసింది. ఎవరైనా చేసేటట్టయితే ముందు ల్యాప్‌టాప్ అప్‌డేట్లు ఆపండి. మేము ఆపలేదు. గంటలో అన్న డాటా ప్యాకు మొత్తం తాగేసింది. ఆ తిట్లు మాత్రం రికార్డు కాలేదు, అది ఒక్కటే అదృష్టం.

రికార్డింగుకు ఏసీ ఆపాలి. ఆగస్టు నెల. నాలుగు నిమిషాల పాటకు నాలుగు నిమిషాలు ఆపితే చాలు అనుకుంటే, కాకా మూడుసార్లు మధ్యలో ఆగిపోయాడు. దగ్గు వల్ల ఒకసారి. మిగతా రెండుసార్లు ఎందుకో మేము అడగలేదు. నైట్ డ్యూటీ అన్నలిద్దరూ ఆ ఆదివారం నిద్ర మాని, బనియన్లు పిండుకుంటూ కారిడార్‌లో కాపలా ఉన్నారు, చెప్పులు చేత పట్టుకుని నడవమని వచ్చేపోయేవాళ్లకు చెబుతూ. ఐదోసారికి పాట పూర్తయింది.

ఆ తర్వాత ఎఫెక్టులు. గొంతులో వంద హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తే బరువైన రొద పోయింది. ఇక్కడి కరెంటు యాభై హెర్ట్జ్ కాబట్టి మోటార్ల హుమ్మనే శబ్దం యాభై దగ్గరా వంద దగ్గరా కూర్చుంటుంది. కంప్రెసర్ వేస్తే మెల్లగా పలికిన మాటలు పైకి వచ్చి, గట్టిగా పలికినవి అదుపులోకి వచ్చాయి. కొద్దిగా రివర్బ్ వేస్తే దుప్పట్ల కింద పాడిన గొంతు పెద్ద హాలులో పాడినట్టు తెరుచుకుంది. ట్యాబ్ మీద వేలితో వాల్యూం పైకీ కిందికీ జరుపుతూ గొంతునూ దప్పునూ కలుపుతుంటే మాకు ఉత్సాహం ఎక్కువైంది. శ్రుతి సరిచేసే ఎఫెక్టు కూడా వేశాం. సినిమా పాటల్లో వాడేది అదే కదా అని. పాట అద్దంలా వచ్చింది. గొప్పగా కాకా చెవిలో పెట్టాం.

కాకా పూర్తిగా విన్నాడు. ఇయర్‌ఫోన్ తీసి చేతిలో పెట్టాడు. "మంచిగున్నది బిడ్డా. గని గిది నా గొంతు గాదు. నా బిడ్డ గుర్తువడ్తదా?" అన్నాడు.

మాకు కోపం వచ్చింది, దాచడమెందుకు. రెండు వారాల నిద్ర పోసి చేసిన పని. రాత్రి మళ్లీ కూర్చుని, ఎఫెక్టు వేసినదీ వేయనిదీ పక్కపక్కన విన్నాం. ఆయన చెప్పిందే నిజం. మన పల్లె పాటలో గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుకుంటూ పోతుంది, మధ్యలో వణుకుతుంది. ఆ ఎఫెక్టుకు తెలిసింది పన్నెండు మెట్లే. జారిన చోటల్లా పట్టుకుని మెట్టు మీద నిలబెట్టింది. బిడ్డ పేరు పలికే చోట కాకా గొంతు పగులుతుంది, అక్కడ కూడా సాపు చేసి పెట్టింది. శ్రుతి ఎఫెక్టు తీసేశాం. రివర్బ్ సగానికి తగ్గించాం. పాట మొదట్లో ఉన్న చిన్న దగ్గును కోద్దామంటే కాకా వద్దన్నాడు. ఉంచాం.

ఫైలును వాట్సాప్‌లో పాటలా కాకుండా డాక్యుమెంటుగా పంపాం, క్వాలిటీ తగ్గకుండా. కాకా మేనల్లుడు డీజే అతనికి ఇచ్చి ముందే ఒకసారి వేయించి చూశాడు.

పెళ్లి రోజు ఇక్కడ అందరికీ డ్యూటీనే. అప్పగింతలు అక్కడ నాలుగు గంటలకు, అంటే మనకు రెండున్నర. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ఎండలో పని ఆపే పన్నెండున్నర నుంచి మూడు గంటల విరామం ఉంటుంది కదా, సరిగ్గా అందులోనే పడింది. మా సైటులో ఉన్న ముగ్గురం, కాకా, కంటైనరు నీడలో కూర్చుని బోటిం కలిపాం. బొమ్మ కదలడం లేదు. పందిరి, కొన్ని చీరలు, ఎవరిదో చేయి, అంతే ఆగిపోయింది. శబ్దం మాత్రం వచ్చింది. ముందు దగ్గు, తర్వాత దప్పు, తర్వాత పాట. స్పీకర్లలో నుంచి పందిట్లోకి, పందిట్లో నుంచి ఫోనులోకి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేసరికి మేము పెట్టని ఎకో కూడా చేరింది. పాట సగంలో ఆడవాళ్ల ఏడుపు వినబడింది. అందులో చిన్న బిడ్డ గొంతు ఏదో కాకాకు తెలిసింది, మాకు తెలియలేదు.

మూడు గంటలకు ఫోర్‌మన్ విజిల్ వేశాడు. కాకా హెల్మెట్ పెట్టుకుని లేచాడు.

ఇప్పుడు మూడో అంతస్తులో కడప అన్నొకాయన కొడుకు పుట్టిన రోజుకు పాట పాడి పంపాలని అడుగుతున్నాడు. ఇంకో రూము వాళ్లు బతుకమ్మ పండక్కి కావాలంటున్నారు. కాకా మాత్రం ఈసారి వేరే ఎవరి బెడ్డయినా చూసుకోమంటున్నాడు, దుప్పట్ల కింద నలిగిన ఆయన పరుపు ఇంకా సాపు కాలేదట.