43... 48... 53!

భద్రాచలం అనగానే ఎవరికైనా సీతారాముల కల్యాణమే గుర్తొస్తుంది. జులై, ఆగస్టు నెలల్లో మాత్రం ఆ ఊళ్లో ఎక్కడ నలుగురు కలిసినా ఒకటే ప్రశ్న... 'నీళ్లు ఎన్నడుగులకొచ్చాయి?' బడిపిల్లల నుంచి పూలమ్మే అవ్వల దాకా అందరికీ తెలిసిన లెక్క అది.

గోదారి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది. 53కి మూడోది. పెద్ద పెద్ద మాటలేం ఉండవు. మూడే మూడు అంకెలు! కలెక్టరు నోట విన్నా, టీకొట్టు దగ్గర విన్నా వాటి అర్థం మారదు. వరద లేని రోజుల్లో తీరిగ్గా ఆలోచించి పెట్టుకున్న హద్దులవి. అందుకే నీళ్లు ముంచుకొస్తున్నప్పుడు 'ఇది ప్రమాదమా, కాదా' అని వాదులాడుకునే పనుండదు.

ఆ అంకెల విలువ ఊరికి బాగా తెలిసింది 1986 ఆగస్టులో. గోదారి 75.6 అడుగులకు చేరి ఊరిని ముంచేసింది. ఆ తర్వాతే పట్టణానికి కరకట్ట వచ్చింది. 2022 జులైలో నీళ్లు 71.3 అడుగులకు ఎగబాకినప్పుడు ఊరికి అడ్డం నిలిచింది ఆ కట్టే. అప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కొత్తగూడెం వైపు నుంచి వచ్చే దారి అదే మరి. అయినా తప్పలేదు.

కట్ట ఉందని నిశ్చింతగా కూర్చోవడానికీ లేదు. నది పొంగితే స్లూయిస్‌లు మూసేయాలి. అప్పుడు ఊళ్లో కురిసిన వాన బయటికి పోదు. మోటార్లు పెట్టి తోడాల్సిందే. బయటి నీళ్లను ఆపే కట్టే లోపలి నీళ్లనూ ఆపేస్తుంది!

ఇక్కడి అంకెలు దిగువకూ కబురే. ధవళేశ్వరం బ్యారేజీకి వేరే లెక్కుంది... 11.75, 13.75, 17.75 అడుగులు. భద్రాచలంలో నీరు పెరుగుతోందని తెలియగానే కోనసీమ లంకల్లో పశువుల్ని గట్టెక్కించే ఆలోచన మొదలవుతుంది. అయితే ఇందులోనూ ఒక మెలికుంది. శబరి వచ్చి గోదారిలో కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. కాబట్టి పైనున్న అంకె ఒక్కటే చూసుకుని ధైర్యంగా ఉంటే కుదరదు. శబరి సంగతీ కనుక్కోవాలి.

ఎన్ని హెచ్చరికలున్నా చివరికి తేలాల్సింది ఇంటి గడప దగ్గరే. గొడ్లు, ధాన్యం, మూటాముల్లే వదిలి రావాలంటే ఎవరికైనా కాళ్లు కదలవు. 'ఇంకో అడుగు చూద్దాం' అనిపిస్తుంది. ఆ అడుగు అర్ధరాత్రి పెరిగితేనే ముప్పు. ఇంటిపెద్ద పొద్దుండగానే 'పదండి' అంటే పిల్లాపాపా పగటి వెలుగులో గట్టు చేరతారు. తీరా వరద రాకపోతే? మర్నాడు తిరిగొస్తారు. నలుగురూ నవ్వితే నవ్వనీ... పోయేదేముంది!

చలికాలంలో వెళ్తే ఈ కంగారేమీ కనిపించదు. నీళ్లు ఎక్కడో కింద, ఇసుక తిన్నెల మధ్య మెల్లగా సాగుతుంటాయి. స్నానఘట్టం మెట్లు దిగుతున్నప్పుడు ఒక్కసారి ఆగి, వెనక్కి తిరిగి పైకి చూడాలి. 53 అడుగులంటే ఎంతో అప్పుడు అర్థమవుతుంది.