పాత ఆసుపత్రి వెనక నేలవేము

మా ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో, గుట్ట మలుపులో, పాత ఆసుపత్రి ఉంది. రోడ్డు పక్కన కొత్త భవనం కట్టాక దీన్ని వదిలేశారు. రోడ్డు వెంట ఉన్నవాళ్ళకు అది మేలే. పై గూడేలవాళ్ళకు మాత్రం ఆసుపత్రి ఇంకో గుట్ట అవతలికి జరిగినట్టయింది.

భాద్రపదంలో వాన తెరిపిచ్చిన ఒక ఆదివారం మేం ఐదుగురం అవ్వను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాం. కప్పు పెచ్చులూడుతోంది కనక లోపల అడుగుపెట్టలేదు. ఆవరణంతా తిరిగాం. బావికి గిలక లేదు. కిటికీల మీదికి తిప్పతీగ పాకింది. రక్తపూతలు తీసిన గది వెనకాల నేలవేము దుబ్బులు మోకాలెత్తు పెరిగాయి. జ్వరానికి మా పెద్దలు కాచి తాగే చేదు మొక్క అది. మలేరియా పరీక్షలు చేసిన చోటే అది మొలవడం చూసి నవ్వుకున్నాం. అవ్వ నవ్వలేదు. "చలిజ్వరమైతే ముందు రగతం చూపించాల. చేదు తరవాత తాగొచ్చు" అంది. ఆ మాట మా బడి పిల్లలందరికీ చెప్పాలి.

ఆ ఒక్క ఆవరణలో అవ్వ పదకొండు మొక్కలకు పేర్లు చెప్పింది. డిగ్రీ చదివే మా తమ్ముడికి తెలిసినవి మూడు. అన్నీ మా భాషలోనూ తెలుగులోనూ నోటు పుస్తకంలో రాసుకున్నాం.

పనసచెట్టు కింద మసిబారిన మూడు రాళ్ళు కనబడ్డాయి. అవ్వ అక్కడ ఆగిపోయింది. "మీ అత్త లోపల నొప్పులు పడతంటే నానిక్కడ అంబలి కాసినాను" అంది. అత్తను డోలీలో తెచ్చారట. కర్రకు దుప్పటి కట్టి, మగవాళ్ళు భుజాలు మార్చుకుంటూ మోశారు. ఇప్పుడు బైకు అంబులెన్సులు వచ్చాయి. బైకు ఎక్కలేని దారుల్లో ఇంకా భుజాలే.

దిగేటప్పుడు ఆవరణ చివరి పొదలో వెదురు కొట్టుకున్నాం. బొంగు లేతగా ఉంటే చీలిపోతుంది, ముదిరితే అందులో తడి ఉండదు. ఒక వైపు కణుపు ఉంచి కోయాలి. ఇంటికొచ్చి కోడిముక్కలకు ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి బొంగులో కూరాం. మూతికి అడ్డాకులు బిగించాం. నూనె లేదు, నీళ్ళు లేవు. బొంగులోని తడే ముక్కను ఉడికిస్తుంది. పైన నల్లబడేదాకా నిప్పుల మీద తిప్పుతూనే ఉండాలి. టూరిస్టులు రోడ్డు మీద కొనుక్కునే బొంగు చికెన్‌లో మసాలా ఎక్కువ, ఓపిక తక్కువ. వెదురు కొమ్ములను ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి కూర చేసింది వదిన. సామ అన్నం అవ్వ వండింది. అడ్డాకు విస్తళ్ళు వేసుకుని వాకిట్లో కూర్చున్నాం.

తింటుంటే మాట మళ్ళీ ఆసుపత్రి మీదికే పోయింది. సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం వసతి గృహం పెట్టారు. నెలలు నిండకముందే కొండ దిగి అక్కడ ఉండొచ్చు. మా పాత భవనాన్ని బాగుచేసి అలాంటిది పెడితే నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టే పని ఉండదు. చేతులు కడుక్కుని, మొక్కల పేర్లు రాసిన పుస్తకంలోనే వెనక పేజీలో అర్జీ మొదలుపెట్టాం. మంచాలు, కరెంటు, బావికి మోటారు, రాత్రి ఉండే నర్సు అని రాశాం.

అవ్వ చదివించుకుని విన్నది. "పొయ్యి రాయలేదేటి? కూడా వచ్చినోళ్ళు ఎక్కడ వండుకుంటారు?" అంది.

నర్సు కింద పొయ్యి రాశాం. అవ్వ వేలిముద్ర వేసింది.