తిమిరి చేప, నాన్న నడుం

ఈసారి సావనీరుకి ఏదైనా రాసిమ్మని సంపాదక మిత్రుడు నెల్లాళ్ళుగా వెంటబడుతున్నాడు. కవిత్వం నాకు చేతకాదు. కథలు రాసేవాళ్ళకి మన కాలేజీలో కరువు లేదు. ఫిజిక్సు చదివేవాణ్ణి రాయమంటే కరెంటు గురించి తప్ప ఇంకేం రాస్తాడు? అయితే ఇది ల్యాబులో మీటరు ముందు కూర్చుని కొలిచిన కరెంటు కాదు. మా నాన్న నడుం మీద పెట్టిన కరెంటు.

మాది జాలారిపేట. తాత వేటకి వెళ్ళేవాడు. నాన్న మాత్రం పోర్టులో కళాసీగా చేరి, ఒక కాంట్రాక్టరు కింద ముప్పై ఏళ్ళపాటు ఎరువుల బస్తాలు మోశాడు. యాభై కిలోల బస్తాని రోజూ వీపుకెత్తుకుంటే నడుం ఎన్నాళ్ళు ఊరుకుంటుంది? మూడేళ్ళ కిందట నెప్పి పట్టుకుంది. నడుంలో మొదలై పిరుదు మీదుగా పిక్కదాకా జివ్వున లాగేది. రాత్రి అటు తిరిగితే ఒక మూలుగు, ఇటు తిరిగితే ఒక మూలుగు. మందుల షాపులో అడిగి నెప్పి బిళ్ళలు తెచ్చుకునేవాడు. అవి నెప్పి తగ్గించిన మాట నిజమేగాని కడుపులో మంట పెట్టేవి. అమ్మ వావిలాకు కాచి కాపడం పెట్టేది. తెల్లారితే మళ్ళీ డ్యూటీ. మానేస్తే ఆ రోజు కూలి లేదు, నా మెస్సు బిల్లుకి డబ్బూ లేదు.

చివరికి బతిమాలి ఒక ఫిజియోథెరపీ క్లినిక్కుకి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి తీసింది. దానికి వైర్లు, వైర్ల కొసల్లో నాలుగు రబ్బరు బిళ్ళలు. రెండు బిళ్ళలు నడుం దగ్గర వెన్నెముకకి చెరోపక్కా, ఒకటి మోకాలి వెనక మడతలో, ఇంకొకటి చీలమండ వెనక అంటించింది. అవి చైనావాళ్ళు ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చే చోట్లట. మోకాలి వెనకదాని పేరు వెయ్‌జోంగ్. నడుం నెప్పికి వాళ్ళు తరతరాలుగా అక్కడ గుచ్చుతున్నారు. ఇక్కడ సూది లేదు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంది, అంతే. మీట తిప్పగానే నాన్న ఉలిక్కిపడ్డాడు.

"ఏటైంది నాన్నా?"

"తిమిరి చేపని ముట్టుకున్నట్టున్నాదిరా! సిన్నప్పుడు మీ తాత వలలో పడితే తెలీక ముట్టుకున్నాను. అచ్చం ఇలాగే జిల్లుమన్నాది."

ఇరవై నిమిషాల తరవాత లేచి వరండాలో అటూ ఇటూ నాలుగుసార్లు నడిచాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన అలా నిటారుగా నడవగా చూసి ఏడాదైంది.

ఆ తిమిరి మాట నా బుర్రలో ఉండిపోయింది. తీరికున్నప్పుడల్లా దాని వెంట పడ్డాను. పద్దెనిమిదో శతాబ్దం చివర మన విశాఖపట్నంలో ఉండిన పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు డాక్టరు, ఈ తీరంలో దొరికే రెండువందల చేపల బొమ్మలు వేయించి, ఇక్కడివాళ్ళు పిలిచే పేర్లతో సహా 1803లో లండన్‌లో పుస్తకం అచ్చువేయించాడు. అందులో మా తిమిరి ఉంది, నల్ల తిమిరీ ఉంది. అది ఒంట్లో కరెంటు పుట్టించుకునే చేప. దాని జాతివాటితోనే వైద్యం చేసినవాళ్ళూ ఉన్నారు. క్రీ.శ. 47 ప్రాంతంలో రోములో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు, కాలి కీళ్ళ నెప్పికి అలాంటి బతికున్న చేపమీద పాదం పెట్టి, కాలు తిమ్మిరెక్కేదాకా నిలబడమని రాశాడు. అంటే మా నాన్న పోలిక రెండువేల ఏళ్ళనాటి వైద్యమన్నమాట!

ఇంతకీ కరెంటుకి నెప్పెందుకు తగ్గుతుంది? మోకాలు గుమ్మానికి కొట్టుకుంటే మనం ఏం చేస్తాం? గబగబా రుద్దుకుంటాం. రుద్దితే కాస్త హాయిగా ఉంటుంది. ఎందుకుంటుందో 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు చెప్పారు. నెప్పి కబురు సన్నని నరాల వెంట వస్తుంది, స్పర్శ కబురు లావు నరాల వెంట వస్తుంది. రెండూ వెన్నుపాములో ఒక గేటు దాటాలి. మన పోర్టు గేటు దగ్గర లారీలు బారులు తీరితే సైకిలువాడు వెనకే నిలబడిపోడూ, అలాగే స్పర్శ కబుర్లు దండిగా వస్తే నెప్పి కబురు లోపలికి పోలేదు. 1967లో వాల్, స్వీట్ కరెంటుతో లావు నరాలని కదిలించి, కొందరు రోగుల్లో నెప్పి తగ్గడం చూశారు. 1970ల్లో ఈ పెట్టెలు వాడుకలోకి వచ్చాయి.

అదే 1965లో పెకింగులో హాన్ జిషెంగ్ అనే ఆచార్యుడు ఆక్యుపంక్చర్ మర్మం తేల్చడానికి పూనుకున్నాడు. సూదివైద్యం చేసిన కుందేలు మెదడులోని ద్రవం తీసి మరో కుందేలు మెదడులోకి ఎక్కిస్తే, దానికీ నెప్పి తగ్గింది. అంటే లోపల ఏదో మందు పుడుతోందన్నమాట. 1975లో స్కాట్లండులో హ్యూస్, కోస్టర్లిట్జ్ ఎన్‌కెఫాలిన్లని కనిపెట్టడంతో ఆ మందుకి పేరు దొరికింది. నల్లమందులాగా పనిచేసే ఈ పదార్థాలు మన ఒంట్లోనే తయారవుతాయి. హాన్ బృందం మరో ముచ్చట తేల్చింది. సెకనుకి రెండుసార్లు కరెంటు కొడితే ఎన్‌కెఫాలిన్ రకం, వందసార్లు కొడితే డైనార్ఫిన్ రకం పుడతాయి. మనుషుల్లో, సూది లేకుండా చర్మం మీద బిళ్ళలు పెట్టి చూసినా ఇదే కనబడిందని 1991లో ప్రకటించారు.

ఇదంతా చదివి నేను పొంగిపోయాను. అయితే రెండోవైపు కూడా చెప్పాలి. 2007లో జర్మనీలో 1162 మంది నడుం నెప్పివాళ్ళ మీద పరీక్ష జరిగింది. శాస్త్రప్రకారం సూదులు గుచ్చినవాళ్ళలో నూటికి 47 మందికి, చోటు కానిచోట పైపైన గుచ్చినవాళ్ళలో 44 మందికి గుణం కనిపించింది. మామూలు వైద్యం పొందినవాళ్ళలో 27 మందికే. కాబట్టి ఆ చోటులోనే మహిమ ఉందా అంటే గట్టిగా ఔననలేం. కరెంటు పెట్టె సంగతి చూస్తే, 381 పరీక్షల్ని కలిపి చూసి 2022లో చెప్పిందేమిటంటే, పెట్టె పనిచేస్తున్నంతసేపూ, ఆపిన వెంటనే నెప్పి తగ్గుతుందని. అంతకుమించి, నెప్పికి మూలం పోతుందని కాదు.

ఆ చివరి వాక్యం నేను సరిగ్గా చదవలేదు. నా పొరపాటు అక్కడే.

స్కాలర్‌షిప్ డబ్బు రాగానే అలాంటి పెట్టె ఒకటి కొని నాన్న చేతిలో పెట్టాను. డాక్టరమ్మ చెప్పిన చోట్లలో పెన్నుతో గుర్తులు పెట్టి, బిళ్ళలు అంటించడం అమ్మకి నేర్పాను. "కాల్లో బలం తగ్గినా, ఒంటేలు పట్టుతప్పినా వెంటనే రండి" అని ఆవిడ అన్న మాట మాత్రం మేమెవ్వరం గుర్తుపెట్టుకోలేదు. నాన్న పొద్దున ఇరవై నిమిషాలు, రాత్రి ఇరవై నిమిషాలు పెట్టించుకునేవాడు. నెప్పి లేదు కదా అని బస్తాలు మోస్తూనే ఉన్నాడు. ఇంకా ఓవర్‌టైము కూడా చేశాడు! నేను హాస్టల్లో స్నేహితులందరికీ నా పెట్టె ఘనత చెప్పుకున్నాను.

నాలుగు నెలల తరవాత దసరా సెలవులకి ఇంటికెళ్ళాను. వాకిట్లో నాన్న చెప్పు చప్పుడు తేడాగా వినబడింది. కుడికాలి చెప్పు నేలకి రాసుకుంటోంది. "నెల్లాళ్ళ నుంచీ అంతేరా, చెప్పు జారిపోతన్నాది, పట్టీ వదులైనట్టుంది" అన్నాడు. పట్టీ బాగానే ఉంది. బొటనవేలే పైకి లేవడం లేదు.

స్కానింగులో, జారిన డిస్కు నరాన్ని నొక్కేస్తోందని తేలింది. ఆపరేషనైంది. ఆస్పత్రి మంచం పక్కన తల దించుకుని కూర్చున్న నాతో నాన్న అన్నాడు: "నువ్వేటి సేస్తావురా. నెప్పి పోనేదు. నోరు మూసుకున్నాదంతే. నానే అడగనేదు దాన్ని."

ఆ మాట నేను చదివిన వ్యాసాలన్నిటికంటే సూటిగా ఉంది. నెప్పిని నిలిపే సాధనం దొరకడం చిన్న విషయం కాదు. బిళ్ళలు పడని కడుపుకి, నిద్ర లేని రాత్రికి అది వరమే. కాని గేటు మూసేముందు వచ్చిన కబురేమిటో చదువుకోవాలి. మిత్రుల్లో ఎవరింట్లోనైనా ఇలాంటి పెట్టె ఉంటే డాక్టరుకి చూపించుకున్నాకే వాడండి. గుండెకి పేస్‌మేకరున్నవాళ్ళకి డాక్టరు సరేనంటే తప్ప పెట్టకండి. గొంతుమీదా, గర్భిణీల పొట్టమీదా అసలు పెట్టకూడదు.

నాన్న ఇప్పుడు బస్తాలు మోయడం లేదు. ఒక గోడౌను దగ్గర కాపలా ఉంటున్నాడు. కాలికి ముప్పాతిక బలం వచ్చింది. చలికాలం నడుం పట్టేసినప్పుడు డాక్టరు అనుమతితోనే పెట్టె బయటికి తీస్తాం. నేను ఇంటి దగ్గరుంటే బిళ్ళలు నేనే అంటిస్తాను. మీట తిప్పేముందు నాన్న కుర్చీలో కూర్చుని, కుడికాలు చాపి, బొటనవేలు పైకెత్తి చూసుకుంటాడు.

"లెగుస్తన్నాదిరా" అంటాడు.

అప్పుడు తిప్పుతాను.