ఫుట్‌బాల్ పెళ్ళిచూపులు

ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట అని ఇన్నేళ్ళూ నమ్మిన అమాయకురాల్ని నేను. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాక ఆ భ్రమ కాస్తా వదిలింది. అక్కడ ఫుట్‌బాల్‌ని చేత్తో పట్టుకుని పరిగెడతారు. బంతైనా గుండ్రంగా ఉంటుందా అంటే అదీ లేదు, ఒలవని కొబ్బరికాయలా కోలగా ఉంటుంది. సరే, వాళ్ళ దేశం, వాళ్ళ బంతి!

ఓ గురువారం రాత్రి మా మనవడు నోటుపుస్తకం ముందు పెట్టుకుని టీవీకి ఎదురుగా కూర్చున్నాడు. పదహారేళ్ళవాడు, పరీక్షలు కాబోలునని మురిసిపోయి పాలు కలిపి పట్టుకెళ్ళాను. తీరా చూస్తే పుస్తకం నిండా మగపిల్లల పేర్లు. ఒక్కొక్క పేరు పక్కన ఎత్తు, బరువు, చేతి పొడుగు!

“ఏమిట్రా ఇది, సంబంధాల జాబితాలా ఉంది?” అన్నాను.

“డ్రాఫ్ట్ అమ్మమ్మా!” అన్నాడు, అంతకంటే చెప్పాల్సిందేమీ లేనట్టు.

బతిమాలితే చెప్పాడు. కాలేజీల్లో ఆడే కుర్రాళ్ళని డబ్బిచ్చి ఆడించుకునే పెద్ద జట్లు 32 ఉన్నాయట. ఏటా ఏప్రిల్ నెలాఖరున అవి వరసగా ఒక్కొక్కణ్ణీ ఎంచుకుంటాయి. మూడు రోజుల తతంగం, ఏడు రౌండ్లు. కిందటేడు అందరికంటే అధ్వాన్నంగా ఆడిన జట్టుకి మొదటి తాంబూలం. ఆ ఏడు గ్రీన్‌బే అనే ఊళ్ళో 257 మందిని ఎంచారు. ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి పోవలసిందే, కుర్రాడి ఇష్టాయిష్టాలతో పనిలేదు.

“మరి మంచివాడని ఎలా తెలుస్తుందిరా?” అన్నాను.

అదే అసలు కథ. జట్లవాళ్ళు మనుషుల్ని పెట్టి కాలేజీ కాలేజీకీ పంపిస్తారు. వాళ్ళు ఆటలు చూస్తారు, గురువుల్ని వాకబు చేస్తారు, నడవడి కనుక్కుంటారు. ఆ తర్వాత చలికాలం చివర ఇండియానాపోలిస్‌లో మూడొందల పైచిలుకు కుర్రాళ్ళని పోగేసి కొలతలు తీస్తారు. నలభై గజాలు పరిగెత్తించి సెకనులో నూరో వంతు దాకా లెక్క కడతారు. 225 పౌన్ల బరువు, అంటే మన లెక్కలో నూటరెండు కిలోలు, ఎన్నిసార్లు ఎత్తగలడో చూస్తారు. డాక్టర్లు కీళ్ళన్నీ తడిమి చూస్తారు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా చెయ్యి చాపించి జాన కూడా కొలుస్తారు! జాన చిన్నదైతే బంతి జారిపోతుందని భయంట.

నాకు నవ్వాగలేదు. నా పెళ్ళిచూపులకి వచ్చిన మా మేనత్తగారు నన్ను గుమ్మం పక్కన నిలబెట్టి ఎత్తు చూసింది. “కాస్త ఆ మరచెంబు ఇలా తెచ్చిపెట్టమ్మా” అని నడక చూసింది. సవరం పెట్టానేమోనని ముద్దుచేస్తున్నట్టుగా జడ పుచ్చుకు లాగి మరీ చూసింది. స్టాప్‌వాచీ ఒక్కటే తక్కువ!

“ఇంత చూశాక ఇక తప్పు జరగదన్నమాట” అన్నాను.

మనవడు పకపకా నవ్వాడు. అసలు 1936లో మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు పిలిచిన జే బెర్వాంగర్ అనే ఆయన ఆ పెద్ద జట్లలో ఒక్క ఆటైనా ఆడలేదట. తాంబూలాలు పుచ్చుకున్నాక పెళ్ళికొడుకు రానన్నట్టు! ఇక 2000లో టామ్ బ్రేడీ అని ఒకడు. చూడ్డానికి కండ లేదు, నలభై గజాలు పరిగెత్తడానికి 5.28 సెకన్లు పట్టింది, వాళ్ళ లెక్కలో అది నత్తనడక. 198 మందిని పిలిచాక ఆరో రౌండులో 199వ వాడిగా పిలిచారు. ఆ నత్తే తర్వాత ఏడుసార్లు సూపర్ బౌల్ గెలిచింది!

“వాడి పరుగు సరిగ్గానే కొలిచారమ్మమ్మా. మీదికి నలుగురు వచ్చి పడుతుంటే బంతి ఎవరికి వెయ్యాలో క్షణంలో తేల్చుకోవాలి కదా? దాన్ని కొలిచే టేపు లేదు, అంతే” అన్నాడు వాడు.

ఉతికిన బట్టలు మడతపెడుతూ మా అమ్మాయి అంతా వింటూనే ఉంది. ఏమీ అనలేదు.

శనివారానికి నాకూ పిచ్చి పట్టింది. షెడూర్ సాండర్స్ అని ఒక పేరున్న ఆటగాడి కొడుకు. మొదటిరోజే పిలుస్తారని చాలామంది అనుకున్నారు. గురువారం పిలవలేదు, శుక్రవారం పిలవలేదు. ఆ పిల్లాడి తల్లి ఎలా ఉందోనని నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. చివరికి శనివారం ఐదో రౌండులో, 144వ వాడిగా, క్లీవ్‌లాండ్ వాళ్ళు పిలిచారు. మనవడు ఎగిరి గంతేశాడు. నేనూ చప్పట్లు కొట్టాను.

అప్పుడంది మా అమ్మాయి, నవ్వుతూనే, “అమ్మా, నీ జాబితాలో నేనెన్నో రౌండు?”

చప్పట్లు కొట్టే చేతులు అలాగే ఉండిపోయాయి. పొయ్యిమీద పప్పు ఉందంటూ లేచాను. పొయ్యిమీద పప్పు లేదు.

పాతికేళ్ళ పైమాట. మావాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ఇది ఇంటర్ పూర్తిచేసి, ఎంసెట్‌లో మంచి ర్యాంకు రాక, గుంటూరులో కోచింగుకి వెళ్ళి మళ్ళీ రాస్తానంది. మావారు నావైపు చూశారు. “వాడంటే చురుకు. ఇది నెమ్మది. ఊళ్ళోనే బి.కాం.లో చేరుద్దాం” అన్నాను నేను. కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరినంత సేపైనా ఆలోచించలేదు. ఆధారం ఏమిటంటారా? ఎక్కాలు ఆలస్యంగా వచ్చాయి, అడిగిన దానికి కాసేపు ఆగి జవాబు చెప్పేది. అవే నా నలభై గజాలు!

ఆ రాత్రి అది పాలు తోడుపెడుతుంటే పక్కన నిలబడి, “అప్పుడు తప్పు చేశానే” అన్నాను.

అది చెంచా కడిగి బోర్లించింది. “డబ్బు లేదంటే నాకు అర్థమయ్యేదమ్మా. నిజంగా లేదు కూడా. కానీ నెమ్మది అన్నావు. ఆ మాట నమ్మి పదేళ్ళు దేనికీ దరఖాస్తు పెట్టలేదు.”

ఇప్పుడది అక్కడ అకౌంటెంటు. చంటిపిల్లని ఒళ్ళో వేసుకు చదివి, నాలుగు భాగాల సి.పి.ఏ. పరీక్ష పూర్తిచేసింది. ఆ సంగతి అప్పట్లో ఫోనులో చెబితే “సంతోషం. అన్నయ్యకి ప్రమోషను వచ్చింది, తెలుసా?” అన్నానట. నాకు గుర్తులేదు. దానికి గుర్తుంది.

క్షమించావా అని అడగలేదు. అడిగితే క్షమించానంటుంది, అలాంటి పిల్ల. మర్నాడు పొద్దున నాకు ఎప్పటిలాగే కాఫీ ఇచ్చింది. నేను మాత్రం గ్లాసు పుచ్చుకుని, “ఆ పరీక్ష నాలుగు భాగాల్లో ఏది కష్టమే?” అని అడిగాను. అది కాసేపు ఆగి, చెప్పడం మొదలుపెట్టింది. అరగంట చెప్పింది. సగం నాకు అర్థం కాలేదు. కదలకుండా విన్నాను.

తిరిగి వచ్చేముందు పక్కింటి తెలుగావిడ పలకరించడానికి వచ్చింది. మా మనవరాలు, ఎనిమిదేళ్ళది, సోఫాలో కూర్చుని ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదువుకుంటోంది. “చిన్నది ఎలా చదువుతుందండీ?” అందావిడ.

పాత మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. అమ్మాయి వంటింటి గుమ్మంలోంచి నావైపే చూస్తోంది.

“చదువుతోందండీ. మేమింకా చూస్తున్నాం” అన్నాను.