ఆమేన్ అనని రాత్రులు

1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను మా కోనసీమపై విరుచుకొనిపడినప్పుడు మాకున్న కొబ్బరిచెట్లలో సగమునకు పైగా నేలకూలినవి. చెట్లు పోయినందుకు మేము అంతగా ఏడ్వలేదు. మరుసటి నెలలో మా మూడేండ్ల కుమారుడు జ్వరముతో ప్రభువునందు నిద్రించెను.

నేను అప్పుడు సంఘపెద్దను. సమాధి యొద్ద నేను కన్నీరు కార్చలేదు. అందరును నా విశ్వాసమును మెచ్చుకొనిరి. ఆ రాత్రి మొదలుకొని ప్రతి కుటుంబ ప్రార్థనలోను, "ప్రభువా, సమస్తమును బట్టి నీకు స్తోత్రములు" అని చక్కని మాటలతో ప్రార్థించుచుంటిని. నా భార్య చెంగు తలపై కప్పుకొని కూర్చుండెడిది గాని, చివరకు ఆమేన్ అనెడిది కాదు.

ఒక రాత్రి నాకు కోపము వచ్చి, "ఆమేన్ అనుటకైనను నీకు నోరు రాదా?" అని గద్దించితిని. ఆమె మెల్లగా, "మీ ప్రార్థన వింటుంటే మన యింట్లో ఎవరూ చనిపోనట్టే ఉందండీ" అనెను.

కొన్ని దినములకు, తెల్లవారుజామున పశువులపాకలో ఆమె గొంతు వినబడెను. "నా బిడ్డను ఎందుకు తీసుకున్నావయ్యా? నీ మీద నాకు కోపంగా ఉంది" అని ఆమె దేవునికి మొరపెట్టుచుండెను. నేను భయపడి, "తప్పు, దేవునితో అట్లు మాటలాడకూడదు" అని వారించితిని. "మరి ఎవరితో చెప్పుకోమంటారండీ?" అని ఆమె అడిగెను. నాయొద్ద జవాబు లేకపోయెను.

ఆ ఆదివారము సంఘములో చదువుటకై సమూయేలు మొదటి గ్రంథము మొదటి అధ్యాయము తెరచితిని. షిలోహులో హన్నా ఏడ్చుచు ప్రార్థించుచుండగా యాజకుడైన ఏలీ ఆమె పెదవులను మాత్రమే చూచి, త్రాగి మత్తుగా నున్నదని తలంచెను. ఆ ఏలీ నేనే అని నాకు తోచెను. హన్నా త్రాగలేదు, తన గుండెలోనిదంతయు దేవుని యెదుట బయటపెట్టినది. మరియొక సంగతి చూడుడి: సమూయేలు పుట్టకమునుపే ఆమె లేచి భోజనము చేసెను, ఆమె ముఖములోని దుఃఖము తొలగెను. ఆమెకు మొదట దొరికినది బిడ్డ కాదు, తన మొర వినువాడు.

88వ కీర్తన చీకటి మాటతోనే ముగియుచున్నది. అయినను అది మన పరిశుద్ధ గ్రంథములో నున్నది. గెత్సేమనేలో మన ప్రభువు ఆ గిన్నె తొలగిపోవలెనని మొదట అడిగెను. ఆ తరువాతనే తండ్రి చిత్తమునకు తన్ను అప్పగించుకొనెను. నేనైతే మొదటి మాటను మ్రింగివేసి రెండవ మాట మాత్రమే పలికితిని. దానిని విశ్వాసమనుకొంటిని. నిజము చెప్పినయెడల దేవుడు నన్ను త్రోసివేయునేమో అను భయమే నాలో నుండెను.

ఆ రాత్రి మోకరించినప్పుడు నాకు అలవాటైన మాటలు రాలేదు. మా బాబు పేరు పలికితిని. అంతకు మించి పలుకలేక చిన్నపిల్లవానివలె ఏడ్చితిని. ఎంతసేపటికో నా ప్రక్కనుండి "ఆమేన్" అను మాట వినబడెను.

ప్రియులారా, మా బిడ్డ మాకు తిరిగి రాలేదు. ఎందుకు పోయెనో నేటికిని నాకు తెలియదు. అయితే ఆ రాత్రి మొదలుకొని మా యింట ఇద్దరమును ప్రార్థించుచున్నాము. మీ యింట ఎవరైనను ఆమేన్ అనక మౌనముగా కూర్చుండినయెడల వారిని గద్దింపకుడి. మీ ప్రార్థనలో ఏ మాట దాచియుంచితిరో మొదట చూచుకొనుడి. దానిని ప్రభువు ఇదివరకే ఎరుగును. అయినను మీ నోట వినగోరుచున్నాడు.