రెండు చెరువుల నడుమ గుట్ట

ఆగస్టు దగ్గర పడేకొద్దీ పరేడ్ గ్రౌండ్ చుట్టూ పొద్దున్నే పరుగెత్తేవాళ్ల నోట ఒకటే మాట: హైదరాబాద్ మారథాన్. ఆ నెల చివర్లో ఒక ఆదివారం హుస్సేన్‌సాగర్ ఒడ్డున పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే పరుగు అది. ఫుల్ అయితే 42.195 కిలోమీటర్లు, హాఫ్ అయితే 21.1. నేను పేరిచ్చింది హాఫ్‌కి. దారిలో ఏటా చిన్న చిన్న మార్పులు చేస్తుంటారు గానీ ఒక చెరువు దగ్గర బయలుదేరి, గుట్ట ఎక్కి, ఇంకో చెరువు మీదుగా దిగిపోవడం మాత్రం మారదు.

సికింద్రాబాద్ వాళ్లకి ఇందులో ఒక చిక్కుంది. 1806లో సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ ఊరు సైన్యం బస చేసిన ఊరు. కవాతు మైదానాలు, వెడల్పాటి కంటోన్మెంటు రోడ్లు, వాటి మీద చెట్ల నీడ. మేం రోజూ పరుగెత్తేది వీటి మీదే. చదునులో వచ్చిన వేగం చూసుకుని ధైర్యం తెచ్చుకుంటాం. ఆ ధైర్యం బంజారాహిల్స్‌లో ఎంతవరకు నిలుస్తుందో రేసు రోజు దాకా తెలియదు.

మా బృందంలో ఒక పెద్దాయన ఉన్నారు. రైలింజన్ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఈ దారిని ముందే చూసొద్దామన్నది ఆయనే. "కొత్త సెక్షన్‌లో బండి ఇచ్చేముందు మమ్మల్ని ఆ దారిలో తిప్పుతారు బాబూ. సిగ్నల్ ఎక్కడుంది, ఎత్తు ఎక్కడ మొదలవుతుంది, అన్నీ నేర్చుకున్నాక, నాకు దారి తెలుసని సంతకం పెట్టాలి. అప్పుడే ఇంజన్ చేతికిస్తారు. నువ్వేమో తెలియని దారిలో ఇరవై ఒక్క కిలోమీటర్లు పోతానంటున్నావు!" పట్టాల పక్కన ఎత్తుపల్లాలు చెప్పే రాళ్లుంటాయి. రోడ్డు పక్కన అవి ఉండవు, కాళ్లే చెప్పాలి. అందుకే బండి మీద వద్దన్నారు.

తెల్లవారకముందే ప్యారడైజ్ దగ్గర ఆటో ఎక్కి, రాణిగంజ్, కర్బలా మైదాన్ దాటి, బుద్ధభవన్ దగ్గర దిగాం. అక్కణ్నుంచి నెక్లెస్ రోడ్డు మీద నెమ్మదిగా పరుగు. సంజీవయ్య పార్కులో 291 అడుగుల స్తంభం మీద జాతీయ జెండా వేలాడుతోంది. 2016 జూన్ 2న తెలంగాణ అవతరణ దినాన ఎగరేసింది. పెద్దాయన తలెత్తి చూసి, "గాలి లేదు, చెమట ఆరదు. రేసు రోజు కూడా ముందు దీన్నే చూడు" అన్నారు. ఆగస్టు తేమలో చెమట కారిపోతుంది తప్ప ఒంటిని చల్లబరచదు. మొదటి రెండు కిలోమీటర్ల వేగం ఎంతుండాలో వాచీ కంటే ఆ జెండా బాగా చెబుతుంది.

ఇక్కడే దూరం కొలిచే పద్ధతి గురించి మాటొచ్చింది. రోడ్డు రేసుల దూరాన్ని సైకిల్‌తో కొలుస్తారు. ముందు చక్రానికి తిరుగుళ్లు లెక్కపెట్టే చిన్న యంత్రం బిగించి, మలుపుల దగ్గర రోడ్డు అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో, మనిషి పరుగెత్తగలిగిన అతి దగ్గరి దారి పట్టుకుని తొక్కుతారు. దూరం ఎక్కడా తక్కువ పడకుండా వెయ్యికి ఒక వంతు అదనంగా కలుపుతారు. హాఫ్‌కి అది 21 మీటర్లు. కాబట్టి మలుపులో రోడ్డు మధ్యన పరుగెత్తేవాడు కొలిచిన దానికంటే ఎక్కువ దూరం పోతున్నట్టే. నెక్లెస్ రోడ్డు పొడవునా చెరువును అనుసరించి వంపులే. ఏ వంపులో ఏ అంచు పట్టాలో చూసుకుంటూ వెళ్లాం.

ఖైరతాబాద్ ఫ్లైఓవర్ మొదటి పరీక్ష. కారులో అయితే గేరు కూడా మార్చనక్కర్లేని ఎత్తు. కాళ్లకి మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. ఆ చుట్టుపక్కలే ఖైరతాబాద్ గణేశుడు తయారవుతుంటాడు. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన వేడుక ఇప్పుడు ఎంత ఎత్తుకు పోయిందో చెప్పక్కర్లేదు. రాజ్‌భవన్ రోడ్డు దాటాక పంజగుట్ట ఫ్లైఓవర్. దాని మొదట్లో రోడ్డు ఊడుస్తున్న ఒకామె చీపురు ఆపి, "ఆదివారం గూడ ఉరుకుతున్నరా సారూ?" అని అడిగింది. రేసు సంగతి చెబితే, "నాకెర్కే. ఆ దినం ఇంకా జల్ది రావాలె, మీరు వచ్చే లోపల సాఫ్ చెయ్యాలె గద" అంది. మా పరుగు కోసం మాకంటే ముందు లేచే మనుషులున్నారు. వాళ్ల పేర్లు ఏ ఫలితాల పట్టికలోనూ ఉండవు. పతకాలిచ్చే వేదిక మీదికి ఒక్కసారైనా వాళ్లని పిలవాలని నా కోరిక.

అసలు గుట్ట ఆ తర్వాత. బంజారాహిల్స్‌లో సాగర్ సొసైటీ నుంచి కేబీఆర్ పార్కు మీదుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా రోడ్డు ఎక్కుతూనే ఉంటుంది. ఒకచోట చదునైనట్టు అనిపిస్తుంది, మలుపు తిరగగానే మళ్లీ ఎత్తు. దక్కను గ్రానైటు మీద కట్టిన ఊరిది. ఇళ్లూ మాళ్లూ రాళ్లను చాలావరకు కప్పేశాయి గానీ వాలు ఎక్కడికీ పోలేదు. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన కేబీఆర్ కంచె అవతల ఆ నేల పాత రూపం ఇంకా కనిపిస్తుంది, బండలూ పొదలూ నెమళ్లూ. బోస్టన్ మారథాన్‌లో పేరుమోసిన హార్ట్‌బ్రేక్ హిల్ ముప్పై రెండో కిలోమీటరు దాటాక వస్తుంది. అక్కడివాళ్లకి ఎత్తు చివర్లో ఎదురవుతుంది. మన హాఫ్‌లో సగం దూరం కాకముందే ఎక్కడం మొదలైపోతుంది, ఇంకా సత్తువ ఉందనిపించే వేళలో. అందుకే ఇక్కడ తొందరపడి ఖర్చయిపోయే ప్రమాదం ఎక్కువ. "అడుగు చిన్నది చెయ్యి. చూపు పది గజాల ముందు పెట్టు, పైదాకా చూడకు" అన్నారు పెద్దాయన. అరవై ఏళ్లు దాటిన ఆయన ఊపిరి మాట్లాడగలిగినంత నిమ్మళంగా ఉంది.

చెక్‌పోస్టు దాటి 45వ నంబరు రోడ్డు పట్టగానే దిగుడు మొదలైంది. ఒళ్లంతా తేలికైంది. కాళ్లు వాటంతటవే సాగుతుంటే పెద్దాయన వెనక నుంచి, "బ్రేకు! బ్రేకు!" అని కేకేశారు. దిగేటప్పుడు ప్రతి అడుగులో తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి. నొప్పి అప్పుడు తెలియదు, ఆ తర్వాతి ఎత్తులో బయటపడుతుంది. బరువు లాగే రైలుకి కూడా ఎక్కడం కంటే దిగడమే గండమట.

దిగువన దుర్గం చెరువు. ఒకప్పుడు గోల్కొండకు మంచినీళ్లిచ్చిన చెరువు. దాని మీద 2020 సెప్టెంబరులో తెరిచిన తీగల వంతెన, మధ్యలో 233 మీటర్లకు పైగా ఒక్క స్తంభం కూడా లేకుండా సాగుతుంది. రేసు రోజు అందరూ ఫొటోలకి ఆగేది ఇక్కడే. కానీ వంతెన దిగాక మళ్లీ ఎత్తుంది. తొడలు ఆ ఎత్తు మొదట్లోనే బిగుసుకున్నాయి. పెద్దాయన చెప్పింది అక్కడ అర్థమైంది. మిగిలిన దారి ఐటీ ఆఫీసుల అద్దాల మధ్య ఎండలో సాగింది. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన గచ్చిబౌలి స్టేడియం దగ్గర ఆగాం.

రాయదుర్గంలో మెట్రో ఎక్కాక, రేసు లోపల మిగిలిన ఆదివారాలకి ఏం చేయాలో తేల్చుకున్నాం. పరేడ్ గ్రౌండ్ మానేసి అడ్డగుట్ట వాలు మీదికి వెళ్తాం. పైకి నడిచే ఎక్కుతాం, కిందికి మాత్రం పరుగెత్తుతాం, అదీ అదుపులో. బృందంలో కొత్తగా చేరిన పిల్లల్ని కూడా రమ్మని పెద్దాయన రైల్లోంచే ఫోన్లు మొదలుపెట్టారు.