జాకీ వీడియోలో మా మట్టి లేదు

కారు కింద నుంచి నన్ను బయటికి లాగింది మా నాన్న. రెండు కాళ్లూ పట్టుకుని, గడ్డి మోపు లాగినట్టు ఒక్క లాగు. వీపంతా గీరుకుపోయింది. ‘ఏంటి నాన్నా!’ అని అరిచాను. ఆయన మాట్లాడకుండా జాకీ వైపు చెయ్యి చూపించాడు.

అది ఒక పక్కకి ఒరిగి, మట్టిలోకి దిగిపోయి ఉంది. ఇద్దరం చూస్తుండగానే ఇంకాస్త వాలింది. కారు కిందికి వచ్చేసింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. చక్రం ఊడదీయలేదు కాబట్టి బండి నేలకి ఆనలేదు. కానీ అర నిమిషం ముందు నా ఛాతీ ఉన్న చోట ఇప్పుడు జానెడు సందు కూడా లేదు.

దివిసీమలో మా ఊరు. మర్నాడు కార్తీక పౌర్ణమి. తెల్లవారుజామునే చల్లపల్లి మీదుగా బందరు వెళ్లి, మంగినపూడి బీచ్‌లో సముద్ర స్నానాలు చెయ్యాలని ఇంటిల్లిపాదీ ప్లాన్. చూస్తే ఇంజిన్ కింద ఉండే ప్లాస్టిక్ షీల్డు ఊడి వేలాడుతోంది. గుడివాడలో మా మావయ్యకి మెకానిక్ షెడ్డుంది. ‘తీసుకురారా, పది నిమిషాల పని’ అన్నాడు. షీల్డుకి తీగ కట్టడానికి గుడివాడ దాకా ఎందుకని నాలుగు నిమిషాల వీడియో చూసి నేనే దిగాను.

వీడియోలో చెప్పినవన్నీ చేశాను. హ్యాండ్‌బ్రేక్ వేశాను, గేర్లో పెట్టాను, డోరు కింద అంచులో జాకీ కోసం ఉండే గాట్ల దగ్గరే ఆనించాను. అయినా ఎందుకిలా అయింది?

‘కారు సంగతి నాకు తెలీదురా. ఈ మట్టి సంగతి తెలుసు’ అన్నాడు నాన్న. ‘నాలుగు రోజుల కింద వాన పడింది. పైన ఆరింది, లోపల ఇంకా జున్నే. తడి చేలోకి టైరు మిషను దింపకుండా చైను మిషనెందుకు పిలుస్తాం?’

ఒక్క ముక్కలో చెప్పేశాడు. చైను మిషను బరువు తక్కువేం కాదు, బరువుని వెడల్పుగా పరుచుకుంటుంది, అంతే. నా జాకీ అడుగు కొలిచి చూశాను. నాలుగంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు. అంటే 12 చదరపు అంగుళాలు. 900 కిలోల చిన్న కారులో ఇంజిన్ ముందే ఉంటుంది కాబట్టి ముందు ఒక్కో చక్రం మీద 250 కిలోలకి పైనే పడుతుంది. ఆ బరువంతా ఆ అరచేయంత రేకు మీద! అదే అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న చెక్క వేస్తే 144 చదరపు అంగుళాలు. నేల మీద ఒత్తిడి పన్నెండో వంతుకి తగ్గిపోతుంది. వీడియోలో ఆయన కారెత్తింది సిమెంటు గచ్చు మీద. ఆయనకి చెక్క గురించి చెప్పే అవసరమే రాలేదు.

సాయంత్రం మావయ్యకి ఫోన్ చేస్తే ముందు తిట్లు, తర్వాత పాఠం.

‘డిక్కీలో జాకీ ఇచ్చింది స్టెప్నీ మార్చుకోడానికి. దాన్ని నమ్మి కిందకి దూరమని ఎవడు చెప్పాడు నీకు? మా షెడ్డులో పెద్ద హైడ్రాలిక్ జాకీతో ఎత్తినా, బండి ఇనప స్టాండ్ల మీద కూర్చున్నాకే మనిషి కిందకెళ్తాడు. సీలు లీకైతే ఆ జాకీ కూడా దిగిపోతుంది. స్టాండ్ల బదులు ఇటుకలు పెడతారు కొందరు. ఇటుక పగిలే ముందు చెప్పి పగలదు.’

గేర్లో పెట్టాను కదా అన్నాను. దానికీ జవాబుంది ఆయన దగ్గర. మన చిన్న కార్లలో చాలావరకు ఇంజిన్ తిప్పేది ముందు చక్రాల్ని. వాటిలో ఒకటి గాల్లోకి లేచిందంటే గేరు పట్టు పోయినట్టే. ఇక ఆపేది వెనక చక్రాల హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. అందుకే ముందు ఎత్తితే వెనక చక్రాలకి, వెనక ఎత్తితే ముందు చక్రాలకి, రెండు వైపులా చెక్కలో రాళ్లో అడ్డం పెట్టాలి. టైరు మార్చేటప్పుడైతే నట్లు కాస్త వదులు చేసి, ఆ తర్వాతే బండి ఎత్తాలి. గాల్లో ఉన్న బండి మీద స్పానర్‌తో బలం చూపిస్తే జాకీ పక్కకి తన్నేస్తుంది. ఊడదీసిన చక్రాన్ని పక్కన పారెయ్యకుండా బండి కిందికి తోసి పెట్టాలి. జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది.

‘నేల మెత్తగా ఉంటే?’

‘ఎత్తకు. గచ్చు మీదకి తీసుకుపో. తప్పదనుకుంటే గట్టి నేల చూసుకుని మందపాటి చెక్క వెయ్యి. స్టాండ్ల కింద కూడా. బండి ఎత్తాక చెక్క దిగుతోందేమో చూసుకో. దిగుతుంటే దించెయ్.’

మర్నాడు మంగినపూడికి బస్సులో వెళ్లాం. షీల్డు తర్వాత గుడివాడలోనే వేయించాను. నిజంగానే పది నిమిషాలు పట్టింది.

నాన్న తాటి దూలం ముక్క ఒకటి చెక్కించి, రెండంగుళాల మందం పలక డిక్కీలో పెట్టాడు. మొన్న వాకిట్లో పంక్చరైన టైరు మార్చబోతుంటే ఎప్పటిలానే వచ్చి, ముందు మడమతో నేలని రెండు పోట్లు పొడిచాడు. ఏం తేల్తుందా అని నిలబడ్డాను.

‘ఇక్కడొద్దు, రోడ్డు పక్కన గచ్చు మీదకి పోనియ్’ అన్నాడు. మారుమాట్లాడకుండా పోనిచ్చాను.